బండి వెనుక బండి

1914వ సంవత్సరంలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి ఉండేవాడు. గుర్రాలకు నాడాలు కొట్టడం, గుర్రపు బండ్లు కట్టడం అతని వృత్తి. ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వర్తకుడు ఆ కొలిమికి వచ్చి ఒక కోరిక కోరినాడు. సిబ్లీకి ఒక పడవ ఉన్నది. వేసవిలో దానిని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగంలోని తన విడిదికి తీసుకొని పోవలసి ఉన్నది. చేతనున్న వాహనమా, ఇరవై గుర్రాల శక్తి గల ఫోర్డు మోడల్-టి కారు. పడవను ఆ కారు మీదికి ఎక్కించడం జరిగే పని కాదు. వెనుక కట్టి లాగించవలసినదే. ఫ్రూహాఫ్ రెండు చక్రాల మీద ఒక చట్రం కట్టినాడు. దాని మొనను కారు వెనుక భాగానికి తగిలించి, పడవను పైకెక్కించి పంపినాడు.

సిబ్లీకి ఆ ఏర్పాటు ఎంతగా నచ్చినదంటే, తన కలప అడితికి కూడా అటువంటి బండ్లే చేయించుకొన్నాడు. ముందు భాగం లాగే వాహనం మీద ఆని, వెనుక భాగం మాత్రమే సొంత చక్రాల మీద నడుస్తుంది కనుక దానికి సెమీ ట్రైలరు, అంటే సగపు ట్రైలరు, అని పేరు పెట్టినారు. 1918లో కమ్మరి కొలిమి కాస్తా ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీగా మారినది. గుర్రం తన వీపున మోయగల దానికంటె ఎక్కువ బరువు లాగగలదు, మోటారూ అంతే అన్నది ఆ కంపెనీ వాదన. నేడు విజయవాడ–హైదరాబాదు రహదారి మీద మనకు ఎదురయ్యే పొడవాటి కంటెయినరు లారీలన్నీ ఒక షావుకారు వేసవి పడవను మోసిన ఆ బండి సంతతివే.

అమెరికాలోని తమ బిడ్డల వద్ద కొన్నాళ్ళుండి వచ్చిన మన పెద్దలు ఒక వింత చెబుతూ ఉంటారు. అక్కడి రహదారుల మీద బస్సంత ఇల్లు ఒకటి పరుగెత్తుతూ ఉంటుంది. దాని వెనుక ఒక కారు, లోపల మనిషి లేకుండానే, ఆవు వెంట దూడవలె వస్తూ ఉంటుంది. మరొక ఇంటి వెనుక పడవ. ఇల్లు, కారు, పడవ ఈ విధంగా ఒకే దారానికి ఎట్లా ఎక్కినవో, ఎక్కిన తరువాత వాటితో వచ్చిన చిక్కులేమిటో ఈ ప్రసంగంలో చెప్పదలచినాము.

చక్రాల మీది ఇంటిలో సరదాకై తిరగడమనే వేడుకకు ఆద్యుడుగా గోర్డన్ స్టేబుల్స్ పేరు చెబుతారు. అతడు బ్రిటిషు నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలురకు సాహస కథలు వ్రాసి పేరు పొందినవాడు. 1885లో బ్రిస్టల్ నగరపు బండ్ల కర్మాగారంలో ఒక చక్కని ఇల్లు చక్రాల మీద కట్టించుకొని, దానికి 'వాండరర్' అనగా సంచారి అని పేరు పెట్టి, రెండు గుర్రాలను పూన్చి, ఇంగ్లండు దక్షిణ భాగం నుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ వరకు ప్రయాణం చేసినాడు. సామాను సర్దితే ఆ బండి సుమారు 2 టన్నులు తూగేది. నౌకాదళంలో ఉండి వచ్చినవాడు కనుక దానిని నేల మీది విహారనౌక అని పిలిచినాడు. ఆ పిలుపు ఎందుకో జనానికి పట్టుబడినది. నేల మీద నడిచే ఈ ఇండ్లకు సముద్రపు పేర్లు పెట్టడం ఆనాడు మొదలై ఈనాటికీ పోలేదు. అందులో ఒక పేరు మన కథకు ముఖ్యమైనది. దానిని తరువాత చెప్పుతాము.

గుర్రాల స్థానంలో మోటారు వచ్చిన తరువాత ధనవంతులు తొందరపడినారు. 1910లో పియర్స్-ఆరో కంపెనీ నిద్రించడానికి వీలైన పెద్ద కారు నొకదానిని న్యూయార్కులో ప్రదర్శించినది. 1915లో కాంక్లిన్ అనే వ్యాపారి కుటుంబంతో సహా రెండంతస్తుల మోటారు ఇంటిలో న్యూయార్కు ప్రాంతం నుండి శాన్‌ఫ్రాన్సిస్కో చేరినాడు. ఆ ఇల్లు 25 అడుగుల పొడవు, 8 టన్నుల బరువు. పత్రికలు అబ్బురపడి వ్రాసినవి. కాని అటువంటిది కొనగలవా రెందరు?

సామాన్యులు వేరొక దారి పట్టినారు. తమ ఫోర్డు కారు వెనుకనే చిన్న గుడారపు బండినో, చెక్క గదినో తగిలించుకొని బయలుదేరినారు. 1919లో ఫ్లారిడా రాష్ట్రంలోని టాంపా నగరంలో ఇటువంటివారు సంఘంగా ఏర్పడి, తమకు తామే 'రేకు డబ్బా యాత్రికులు' అని పేరు పెట్టుకొన్నారు. డబ్బాలలో వచ్చే ఆహారమే వారి భోజనం. కారు ముందు ఒక డబ్బాను అతికించుకోవడం వారి గుర్తు. ఆ తరువాతి ఇరవై ఏండ్లలో ఈ ట్రైలరు ఇండ్లు బాగా మెరుగుపడినవి. విమాన నిర్మాతగా ప్రసిద్ధుడైన గ్లెన్ కర్టిస్ కూడా ఇందులో చేయి పెట్టినాడు. అతడు కారు వెనుక భాగంలో విమానపు టైరు వంటి దానిని అడ్డంగా పరుండబెట్టి, దాని నడుమ ట్రైలరు మొనను నిలిపినాడు. గతుకుల దెబ్బ అంతా ఆ గాలి టైరే తినేది. విమానాలలో వాడే అల్యూమినియం రేకుతో వాలీ బయమ్ అనే అతడు 1936లో అమ్మకానికి పెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పరు నేటికీ ఆ వంశపు అందగత్తెగా పేరు నిలుపుకొన్నది. ప్రస్తావన వచ్చినది కనుక చెప్పుతాము: 1969లో చంద్రుని నుండి తిరిగివచ్చిన ముగ్గురు వ్యోమగాములను హార్నెట్ అనే యుద్ధనౌక మీద వేరుగా ఉంచిన గది, చక్రాలు తీసివేసిన ఒక ఎయిర్‌స్ట్రీమ్ ఇల్లే. పడవలను మోయడంతో మొదలైన ట్రైలరు తానే ఓడ ఎక్కిన సందర్భ మది.

ఇంతవరకు కథలో కారు ముందు, ఇల్లు వెనుక. విడిది చేరగానే కారును విప్పివేసి, ఇంటిని అక్కడే వదలి, ఊరిలోకి పోయి పాలు, రొట్టె తెచ్చుకొనేవారు. ఏ చిక్కూ లేదు.

1958లో మిషిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీ అనే చిన్న ఊరిలో రే ఫ్రాంక్ అనే అతడు తన కుటుంబం కొరకు ఇల్లు, ఇంజను ఒకటే అయిన వాహనం కట్టుకొన్నాడు. మోటార్ హోమ్ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినది అతడే. చూచినవారు తమకూ కావాలన్నారు, అది వ్యాపారమైనది. 1966లో అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ నుండి విన్నెబాగో కంపెనీ వరుస పద్ధతిలో తయారుచేసి చవకగా అమ్మడం ప్రారంభించిన తరువాత, కాంక్లిన్ వంటి ధనవంతులకే చెల్లిన భోగం మధ్యతరగతి ఇంటికి దిగివచ్చినది.

చిక్కు అక్కడ పుట్టినది. ఇల్లే వాహనమైనప్పుడు పాల కొరకు పోవాలన్నా ఇల్లంతా కదలాలి. నీటి గొట్టం విప్పాలి, విద్యుత్తు తీగ విప్పాలి, గిన్నెలన్నీ అలమారలో పెట్టి తలుపు బిగించాలి. పొయ్యి మీద కూర ఉంటే దింపుకోవాలి. పిమ్మట 25 అడుగుల ఇంటిని తోలుకొని అంగడి ముందు నిలుపుకొనే చోటు వెదకుకోవాలి. ఈ బాధ పడలేక వారు కనిపెట్టిన ఉపాయమే ఇంటి వెనుక కారును కట్టుకొని పోవడం. నలభై ఏండ్లపాటు ఇంటిని లాగిన కారు ఇప్పుడు ఇంటిచేత లాగించుకోవడం మొదలుపెట్టినది. ఆ కారుకు వారు పెట్టిన పేరు డింగీ. ఓడ వెనుక తాడుతో కట్టి ఉంచే చిన్న పడవకు ఇంగ్లీషులో ఆ పేరు. ఓడ లంగరు వేసిన తరువాత ఒడ్డుకు పోయి రావడానికి నావికులకు ఆ చిన్న పడవ ఎట్లాగో, వీరికి ఈ కారు అట్లాగు. ముందుగా చెప్పిన సముద్రపు పేరు ఇదే.

కారును కట్టడానికి మూడు పద్ధతులు ఏర్పడినవి. మొత్తం కారును ఒక ట్రైలరు మీదికి ఎక్కించడం మొదటిది. క్షేమమేగాని బరువు, ఖర్చు హెచ్చు. ముందు చక్రాలను మాత్రం చిన్న బండి మీద ఎత్తి, వెనుక చక్రాలను నేల మీద దొర్లనివ్వడం రెండవది. త్రికోణాకారపు ఇనుప దండెను కారు ముందు భాగానికి బిగించి నాలుగు చక్రాలనూ నేల మీదనే దొర్లించడం మూడవది. ఎక్కువమందికి ఇదే నచ్చినది. తేలికగా ఉండడం వలన, దండె బిగించడానికి ముందు ఇరుసు అనుకూలంగా ఉండడం వలన జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఈ పనికి బాగా ఒదిగినది.

కాని ఏ కారు పడితే ఆ కారు దీనికి పనికిరాదు. గేర్లను తనంత తానే మార్చుకొనే కార్లలో గేర్లపెట్టెకు నూనె అందించే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆపి కారును లాగుకొని పోతే చక్రాలు తిరుగుతవి, వాటితో గేర్లపెట్టె లోపలి భాగాలూ తిరుగుతవి, నూనె మాత్రం అందదు. కొన్ని మైళ్ళకే అది మాడిపోతుంది. విడిదికి చేరి కారు విప్పి చూచుకొంటే కదలని కారు మిగిలినవా రున్నారు. మరొక విశేషం: నాలుగు చక్రాల మీద దొర్లే కారుతో వెనుకకు నడపడం కుదరదు. ముందు చక్రాలు ఏదో ఒక వైపునకు మెలి తిరిగి దండెను వంచివేస్తవి. సందులోకి పోయి దారి మూసి ఉంటే దిగి, కారును విప్పి, రెండింటినీ వేరువేరుగా తిప్పుకోవలసినదే.

పడవబండి సంగతి వేరు. అందులోని కిటుకును మన రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రెండు చక్రాల ఎడ్లబండిలో గడ్డిని గాని బస్తాలను గాని ఇరుసుకు వెనుకగా ఎక్కువ వేస్తే నొగ పైకి లేచి కాడి ఎడ్ల మెడలను పైకి ఈడుస్తుంది. ముందుకు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడలు కుంగిపోతవి. ఎక్కడ ఎంత వేయాలో బండి తోలేవాడు కంటితోనే చూచి సర్దుతాడు. ట్రైలరు కూడా అంతే. మొత్తం బరువులో పదింట ఒకటి మొదలు నూటికి పదిహేను వరకు లాగే వాహనం మీద ఆనాలి అని ఇంజనీర్లు లెక్క కట్టినారు. పడవబండికి కొంత తగ్గినా చెల్లుతుంది. కాని చాలా పడవలకు యంత్రం ఉండేది వెనుక కొసన. పడవను బండి మీద నాలుగు అంగుళాలు వెనుకకు జరిపి కట్టినా తూకం మారిపోతుంది.

తూకం తప్పితే ఎడ్లబండికి జరిగేది కొంచెమే, ఎడ్లు ఆగుతవి. గంటకు 60 మైళ్ళ వేగంలో జరిగేది వేరు. వెనుక బరువెక్కిన ట్రైలరు గాలి తాకిడికో, పెద్ద లారీ ప్రక్కనుండి దాటిపోయినప్పుడో, ఒకసారి ప్రక్కకు ఊగితే ఆ ఊగు తగ్గక ఒక్కొక్క ఊపునకు పెరుగుతూ పోతుంది. చివరకు తోకే తలను త్రిప్పివేస్తుంది. అప్పుడు తోలేవాడు భయపడి ఇంజను వాహనపు బ్రేకును గట్టిగా తొక్కితే ముందు వాహనం ఆగబోతుంది, వెనుకది తోసుకొని వస్తుంది, కీడు రెండింతలవుతుంది. వేగాన్ని మెల్లగా తగ్గనిచ్చి, ట్రైలరుకు వేరుగా చేతిబ్రేకు మీట ఉంటే దానిని మాత్రమే వేయడం సరియైన పద్ధతి. పాత మోటారు ఇండ్లలో ఇంకొక లోపం ఉన్నది. వెనుక ఇరుసు దాటిన తరువాత కూడా ఇల్లు చాలా అడుగులు వెనుకకు సాగి ఉంటుంది. కొక్కెం ఉండేది ఆ కొసన. ఇరుసు నుండి కొక్కెం ఎంత దూరమైతే, అక్కడ పడిన బరువుకూ ప్రక్కతోపుకూ అంత బలం వస్తుంది. గడపారతో రాయి ఎత్తే సూత్రమే ఇది. ఇక్కడ ఎత్తబడేది ఇంటి ముందు భాగం.

ఈ చిక్కులన్నీ ఒకేచోట చూడదలచినవారు జనరల్ మోటార్స్ వారి జి.ఎమ్.సి. మోటార్ హోమ్ చరిత్ర చూడవలెను. 1973 నుండి 1978 వరకు అది తయారైనది. మొత్తం సుమారు 13 వేలు. 23 అడుగులది, 26 అడుగులది అని రెండు పరిమాణాలు. ఓల్డ్స్‌మొబిల్ టొరొనాడో కారులోని ఇంజనును, దానితోపాటు ముందు చక్రాలను తిప్పే యంత్రాన్నీ తెచ్చి దీనిలో బిగించినారు. మొదట పెట్టిన ఇంజను ఏడున్నర లీటర్లది. వెనుక చక్రాలకు పోయే ఇరుసు లేదు కనుక ఇంటి నేల రోడ్డుకు బాగా దగ్గరగా వచ్చినది. మెట్టు ఎక్కే శ్రమ తగ్గినది. అందంలోనూ నడకలోనూ ఆనాటి పెట్టెల వంటి ఇండ్ల నడుమ అది దొరసానివలె ఉండేది. మా అభిప్రాయంలో ఆ తరానికి అంతకంటె మంచి మోటారు ఇల్లు రాలేదు.

కాని దాని వెనుక పడవను కట్టినప్పుడు ఏమవుతుంది? కొక్కెం మీద బరువు పడి తోక కుంగితే ముందు భాగం తేలిక అవుతుంది. లాగే చక్రాలు ముందు ఉన్నవి. లాగవలసిన బరువు పెరిగిన సమయంలోనే లాగే చక్రాలకు పట్టు తగ్గుతుంది. సరస్సు ఒడ్డున పడవను నీటిలో నుండి పైకి ఈడ్చే ఏటవాలు గట్టు మీద దీనికి మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. వెనుక చక్రాలు లాగే వాహనమైతే ఆ చక్రాలే నాచు పట్టిన తడినేల మీద నిలువవలసి వస్తుంది. దీనికి ముందు చక్రాలు పైన పొడినేల మీద ఉంటవి. అయితే వాలు వలన బరువంతా వెనుకకు ఒరిగి ఆ ముందు చక్రాలే తేలిపోతవి.

లాగడంలోని బాధ ఇట్లా ఉండగా, ఆపడంలోని బాధ దానిని మించినది. మేము ఈ చరిత్ర చదివినకొద్దీ మాకు తోచినదేమంటే, లాగే శక్తి విషయంలో తయారీదారులూ కొన్నవారూ చూపిన ఉత్సాహంలో నాలుగవ వంతైనా బ్రేకు విషయంలో చూపలేదు. గుర్రాల శక్తి ఇంత అని ప్రకటనలలో పెద్ద అక్షరాలతో వేసినారు. వేగం రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుందన్న మాట ఏ ప్రకటనలో ఉంటుంది? అమెరికాలోని చాలా రాష్ట్రాలు 3,000 పౌనులు, అంటే సుమారు 1,360 కిలోలు, మించిన ట్రైలరుకు సొంత బ్రేకు ఉండాలని చట్టం చేసినవి. నాలుగు చక్రాల మీద దొర్లే కారు ఈ చట్టంలో ట్రైలరు క్రింద లెక్కకు వస్తుందా రాదా అన్న తగవు పలుచోట్ల చాలాకాలం తేలలేదు. ఆ సందున బ్రేకులేని కార్లెన్నో ఇండ్ల వెనుక పోయినవి. మన పల్లెలలో ట్రాక్టరు వెనుక తగిలించే తొట్లలో చాలావాటికి సొంత బ్రేకు లేదు. చెరకు నిండిన తొట్టితో ఏటి గట్టు దిగే ట్రాక్టరును చూచినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

పడవబండికి బ్రేకు పెట్టడంలో వారు చూపిన తెలివి మాత్రం మెచ్చదగినది. విద్యుత్తుతో పనిచేసే బ్రేకులు నీటిలో మునిగితే త్వరగా చెడుతవి. పడవబండి మునగక తప్పదు. అందుచేత కొక్కెం దగ్గర జారే గొట్టం ఒకటి అమర్చినారు. ముందు వాహనం నెమ్మదించగానే వెనుక బండి తన ఊపుతో ముందుకు తోస్తుంది. ఆ తోపునకు గొట్టం లోపలికి జారి, నూనె ఉన్న చిన్న పంపును నొక్కుతుంది. ఆ నూనె ఒత్తిడి బండి చక్రాల బ్రేకును పట్టిస్తుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఆగుతుంది. ఏ తోపు ప్రమాదమో ఆ తోపునే పనివానిగా పెట్టుకొన్నారు. ఇవన్నీ ఉన్నా కొక్కెం ఊడిపోతే దిక్కేమిటని రెండు గొలుసులు కూడా కట్టుతారు. వాటిని మొన క్రింద ఒకదానిపై ఒకటి అడ్డముగా దాటించి కట్టడం ఆచారం. మొన ఊడినా నేలకు గ్రుచ్చుకొనక ఆ గొలుసుల ఒడిలో పడుతుంది.

1973వ సంవత్సరం ఈ ఇండ్లకు ముఖ్యమైనది. ఆ యేడు మార్చిలో కొలరాడో రాష్ట్రంలోని రాకీ పర్వతాలలో, సముద్ర మట్టానికి 11,000 అడుగుల పైన, ఐసెన్‌హోవరు సొరంగం తెరిచినారు. పడమటి రాష్ట్రాలకు పోయే ఇండ్లకు గొప్ప దారి దొరికినది. కాని ఎత్తు పెరిగినకొద్దీ గాలి పలచబడి, ఆనాటి ఇంజనులు ప్రతి 1,000 అడుగులకు సుమారు నూటికి 3 వంతుల శక్తి కోల్పోయేవి. సొరంగం దగ్గరికి వచ్చేసరికి మూడవ వంతు శక్తి పోయినట్లే. ఎక్కేటప్పుడు ఇంజను కాగేది. దిగేటప్పుడు బ్రేకులు కాగేవి. ఇనుప డ్రమ్ములు వేడెక్కి వ్యాకోచించిన తరువాత పెడలు ఎంత తొక్కినా పట్టు దొరకదు. చిన్న గేరులో దిగాలి, ఇంజనే వేగాన్ని అణచాలి. ఎక్కిన గేరులోనే దిగవలెనని పాత లారీ డ్రైవర్లు చెప్పేది అందుకే.

ఆ యేడే అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతిని బిగించినవి. 1974 జనవరిలో అమెరికా అంతటా వేగం గంటకు 55 మైళ్ళకు మించరాదని చట్టం వచ్చినది. పెట్రోలు త్రాగే ఇండ్ల అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయినవి. వెనుక కట్టిన చిన్న కారుకు మాత్రం గౌరవం పెరిగినది: ఇంటిని ఒకచోట నిలిపి, కారులో తిరిగితే ఖర్చు కలిసివస్తుంది గదా. 1978లో జి.ఎమ్.సి. ఆ ఇండ్లను కట్టడం మానివేసినది. ఫ్రూహాఫ్ కంపెనీ మాత్రం 1996 వరకు నిలిచి, ఆ యేడు దివాలా తీసినది. మరుసటి యేడు దాని ఆస్తులను వాబాష్ అనే మరొక ట్రైలరు కంపెనీ కొన్నది.

జి.ఎమ్.సి. ఇండ్లను ప్రాణంగా చూచుకొనే సంఘాలు నేటికీ ఉన్నవి. ఏబది యేండ్ల వయస్సు గల ఇంటి వెనుక పడవను కట్టేవారు ముందుగా కొన్ని లెక్కలు వేసుకొంటారు. చూడవలసిన సంఖ్యలు రెండు: ఇల్లు ఎంత తూగవచ్చునని పలక మీద వేసినది ఒకటి, ఇల్లూ వెనుకదీ కలిసి ఎంత తూగవచ్చునన్నది రెండవది. 150 లీటర్ల నీరు నింపితే 150 కిలోలు అప్పుడే చేరినట్లు. మంచాలు, పాత్రలు, మనుషులు, పెట్రోలు తరువాతి లెక్క. ఆ పలక వేసిననాటికి ఇనుముకు తుప్పు లేదు, రబ్బరు గొట్టాలు మెత్తగా ఉన్నవి. అందుచేత తెలిసినవారు పలక అనుమతించిన దానికంటె తగ్గించియే లాగుతారు.

బయలుదేరిన కొన్ని మైళ్ళకు బండి ఆపి, దిగి, పడవబండి చక్రాల నడిబొడ్డున చేతిని ఆనించి చూడడం వారికి అలవాటు. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడి ఉంటే లోపల బ్రేకు పట్టుకొని ఉన్నదన్న మాట, లేదా కందెన లేదన్న మాట. వేడిగా ఉన్న ఆ నడిబొడ్డును చల్లని సరస్సులో ముంచితే లోపలి గాలి ముడుచుకొని నీటిని పీల్చుకొంటుంది. ఆ నీరు కందెనను చెరిపి, తరువాతి ప్రయాణంలో చక్రాన్ని పట్టివేస్తుంది. కనుక నీటి ఒడ్డు చేరిన తరువాత వెంటనే పడవను దింపరు. బండిని నీడన నిలిపి, చక్రాలు చల్లారేవరకు కాఫీ కాచుకొని త్రాగుతారు.